మిట్ట మీద ఆఫీసు

గద్దలమిట్ట నుంచి కువైట్‌కి వచ్చినవాళ్ళందరిలోకీ మాట్లాడే యజమాని దొరికింది హుస్సేన్ పీరా ఒక్కడికే. మిగతావాళ్ళ యజమానులు పొద్దున పదమంటూ 'యల్లా' అనేవాళ్ళు, సాయంత్రం ఇంక చాలంటూ 'ఖలాస్' అనేవాళ్ళు. ఆ రెండు మాటల మధ్య వాళ్ళ రోజు గడిచిపోయేది. పీరా యజమాని నార్వే దేశపు ఇంజినీరు, పేరు సివర్ట్. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఆయన పని. భార్య చనిపోయింది, పిల్లలు లేరు, సాల్మియాలో సముద్రం కనిపించే ఫ్లాటు ఉంది, మాట్లాడటానికి మాత్రం మనిషి లేడు. అందుకని వండిపెట్టే మనిషితోనే మాట్లాడేవాడు.

గురువారం సాయంత్రం సెలవు మొదలవగానే, స్నానాలగదిలో దొంగచాటుగా పులియబెట్టుకున్న ద్రాక్షరసం గ్లాసులో పోసుకుని, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకునేవాడు. పీరా చేపలు వేయించేవాడు. ఏ గురువారమైనా ఒకటే కథ, తన ఊరు స్కార్లి కథ. కొండల్లో, మంచులో, మనుషులకన్నా గొర్రెలు ఎక్కువున్న ఊరు. "ఊరు కాదు, కమ్యూన్" అని తనే దిద్దుకునేవాడు. కమ్యూన్ అంటే మన పంచాయతీ లాంటిదేలే అని పీరా అనుకున్నాడు. కాదని తెలియడానికి చాలా గురువారాలు పట్టింది. బడి వాళ్ళదే, రోడ్డు వాళ్ళదే, డాక్టరుని పెట్టుకునేదీ వాళ్ళే, ముసలివాళ్ళకి కూడు పెట్టేదీ వాళ్ళే. పద్దెనిమిది వందల ముప్పై ఏడులో చట్టం వచ్చిందట, ఊరిని ఊరివాళ్ళే ఏలుకోవచ్చని. గొర్రెలు కాసేవాళ్ళు కోటు తొడుక్కుని కుర్చీల్లో కూర్చున్నారట.

హాల్లో గోడకి ఒక ఫోటో ఉండేది. దుంగలతో కట్టిన ఇల్లు, కప్పు మీద గడ్డి మొలిచి ఉంది. గొడ్లకొట్టం అనుకున్నాడు పీరా. అదే స్కార్లి వాళ్ళ ఆఫీసట. ఆ ఊరి చరిత్రని సివర్ట్ పుస్తకంగా రాస్తున్నాడు. ఏ ఇంట్లో ఎవరు పుట్టారు, ఏ వాగు మీద వంతెన ఎవరు వేశారు, ఎవరి మీద ఎవరు ఓడిపోయారు, అన్నీ. వాళ్ళ దేశంలో ప్రతి కొండూరికీ అట్లాంటి పుస్తకం ఒకటి ఉంటుందట.

"మీ ఊరి పుస్తకం ఎవరు రాశారు?" అని అడిగాడు ఒకసారి.

"మా ఊళ్ళో రాయను వచ్చినోళ్ళంతా కువైట్‌లో ఉండారు సార్" అన్నాడు పీరా తన వంటింటి ఇంగ్లీషులో. సివర్ట్ నవ్వాడు. పీరా నవ్వించడానికి అనలేదు.

ఎనభై నాలుగులో ఊరి నుంచి కబురొచ్చింది. తాలూకాలు తీసేస్తారట, మండలాలు పెడతారట. రాయచోటి అవతల కొండపక్క ఊళ్ళన్నీ కలిపి ఒక మండలం చేస్తారు, ఆఫీసు ఎక్కడ పెడతారో తేలలేదు. కిందనున్న వంకపాళెంలోనా, మీదనున్న గద్దలమిట్టలోనా. ఆఫీసు ఎక్కడుంటే బస్సు అక్కడికి వస్తుంది. బస్సు రావాలంటే రోడ్డు వెయ్యాలి. రోడ్డు పడితే ఆస్పత్రి వస్తుంది.

గద్దలమిట్టకి రోడ్డు లేదు. నొప్పులొచ్చిన ఆడమనిషిని నులకమంచం మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు కోళ్ళూ పట్టుకుని, రాళ్ళ మీద దిగాలి. పీరా భార్య గౌసియా బీని కూడా అట్లాగే దించారు. సగం దూరంలో వానొచ్చింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు. పీరా అప్పుడు కువైట్‌లో దొరకి చేపలు వేయిస్తున్నాడు. ఈ సంగతి అతను సివర్ట్‌కి ఎప్పుడూ చెప్పలేదు. కానీ మండలం మాట వినగానే అతనికి కనిపించింది ఆ మంచమే. ఆఫీసు మిట్ట మీదికి రావాలి. ఇంక ఆ మంచం దిగకూడదు. కువైట్‌లో ఏ పని చేస్తున్నా ఆ ఏడాదంతా అతని మనసులో ఉన్నది అదొక్కటే.

ఆ వారం దొరనే అడిగాడు. "మీ ఊరికి ఆఫీసు ఎట్లొచ్చింది సార్?"

ఇన్నేళ్ళకి ఎవరో ఒకరు అడిగినందుకు సివర్ట్ ముఖం వెలిగిపోయింది. తాతలనాటి కథ చెప్పాడు. స్కార్లికి కూడా కింద లోయలో పోటీ ఊరు ఒకటుంది. దానికి డబ్బుంది, చర్చి ఉంది, సర్కారులో పలుకుబడి ఉంది. స్కార్లి వాళ్ళు అర్జీలు పెట్టలేదు. ఇంటికిన్ని దుంగలని తెచ్చి, ఏ హుకుమూ రాకముందే ఆఫీసు కట్టేశారు. రోడ్డు కొలవడానికి వచ్చిన అధికారి, మీ ఆఫీసు ఏదని అడిగితే, ఇదిగో అని చూపించారు. లోయవాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. రోడ్డు పైకి వచ్చింది.

పీరా చేప మాడ్చాడు. అంత సంతోషం కలిగింది.

"ఇంకా అయిపోలేదు" అన్నాడు సివర్ట్. పంతొమ్మిది వందల అరవైల్లో సర్కారు చిన్న కమ్యూన్లన్నింటినీ పెద్దవాటిలో కలిపేయడం మొదలుపెట్టింది. స్కార్లిని లోయలో కలుపుతామని, ఊరి అభిప్రాయం తెలుసుకోవడానికి నడిచలికాలంలో ఒక అధికారి వచ్చాడు. ఊళ్ళో మగవాళ్ళు లేరు. సగంమంది దక్షిణ సముద్రంలో తిమింగలాల ఓడల మీద ఉన్నారు, సగంమంది ఎక్కడో ఆనకట్ట పనిలో ఉన్నారు. ఊరు ఖాళీగా ఉంటుందని తెలిసే అధికారి ఆ నెలలో వచ్చాడని సివర్ట్ అనుమానం. అతను తలుపు తీసేసరికి ఆఫీసు నిండా ఆడవాళ్ళు. చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని, మంచుబూట్లతో, కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. సివర్ట్ తల్లి బల్ల మీదికెక్కి మాట్లాడింది. స్కార్లి స్కార్లిగానే మిగిలింది.

"ఇల్లు కట్టినందుకు మిగల్లేదు పీరా. ఇంట్లో కూర్చున్నవాళ్ళ వల్ల మిగిలింది" అన్నాడు సివర్ట్.

పీరా తలూపాడు. విన్నాడు, అర్థం కూడా అయింది. అక్కడికి మాత్రం అతను తెలివితక్కువవాడు కాడు.

మరుసటి రోజు శుక్రవారం. షర్క్‌లో చేపల మార్కెట్టు వెనక గదికి వెళ్ళాడు. గద్దలమిట్ట వాళ్ళు శుక్రవారాలు అక్కడే కలిసేవాళ్ళు, హిందువులూ దూదేకులవాళ్ళూ అని లేదు, ఒకే డేగిసాలో కూర. కథంతా చెప్పాడు. దుంగలు చెప్పాడు, గడ్డి కప్పు చెప్పాడు, అధికారి ఆశ్చర్యంతో నోరు తెరిచాడని, దొర చెప్పనిది కూడా కలిపి చెప్పాడు. అందరూ చెవులప్పగించి విన్నారు. తిమింగలాల దాకా వచ్చి ఆగిపోయాడు. ఆఫీసు నిండా ఆడవాళ్ళు కూర్చున్నారంటే ఈ గదిలో ఏం జరుగుతుందో అతనికి తెలుసు. నెలరోజులు నవ్వుకుంటారు. 'గౌసియక్కని సర్పంచిని చేద్దామా అన్నా' అంటారు. ఆ ముక్క మింగేశాడు.

"అంతేనప్పా. కట్టినోళ్ళదే ఆఫీసు" అన్నాడు.

బేల్దారి మేస్త్రీ చిన్నపుల్లయ్యకి ఆ మాట ఎక్కేసింది. "అయితే కడదాం. ఈ దేశంలో ఎవురెవురివో కొంపలు కడతాండా. మనూరికి ఒగటి కట్టల్యానా" అన్నాడు. తలా కొంత వేశారు. చిన్నపుల్లయ్య తనకి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కాళ్ళావేళ్ళా పడి సెలవు సంపాదించి, వెళ్ళి తనే దగ్గరుండి కట్టించాడు. కడప బండలు పరిచిన వరండా, రెండు గదులు, అధికారి కూర్చోవడానికి ఎత్తుగా అరుగు, పెద్ద కిటికీలు. పీరా ఇంటికి ఎదురుగానే లేచింది. తిరిగొచ్చినప్పుడు ఫోటో తెచ్చాడు. పీరా దాన్ని సివర్ట్‌కి చూపించాడు. సివర్ట్ దాన్ని స్కార్లి ఫోటో పక్కన గోడకి పెట్టాడు, ఎంతసేపో చూశాడు.

"మీ అధికారి వచ్చినప్పుడు ఇందులో ఎవరుంటారు?"

"అందరూ ఉంటారు సార్."

"ఆడవాళ్ళూనా?"

"ఆడోళ్ళూ ఉంటారు" అన్నాడు పీరా. ఇంకో మాట పెరగకుండా ఉంటుందని అన్నాడు, అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కువైట్‌లో పెళ్ళాన్ని వదిలి ఉన్న మగవాడికి నిద్రపట్టనిచ్చేది పని అలసట ఒక్కటే. ఆ నిద్రని చెడగొట్టేవి ఊరి మాటలు. ఆ రోజుల్లో షర్క్ టీ కొట్టు దగ్గర వంకపాళెం వాడొకడు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, "మీ మిట్టకి ఆఫీసెందుకప్పా, ఇప్పుడే ఆడోళ్ళ రాజ్యం గదా" అన్నాడు. టీ కొట్టులో అందరూ నవ్వారు. చిన్నపుల్లయ్య గ్లాసు విసిరేశాడు. ఆ సాయంత్రం గదిలో అన్నం సహించలేదు ఎవరికీ. ఆఫీసరు రాబోతున్నాడని ఊరి నుంచి అప్పటికే తెలిసింది. టేపు పంపాలని అందరూ అనుకున్నారు.

ఉత్తరాలు చదివించుకోవాల్సిన ఊరది. అందుకని అందరి కబుర్లూ ఒకే క్యాసెట్లో నింపి, ఊరెళ్ళేవాడి చేతికిచ్చి పంపేవాళ్ళు. అక్కడ అందరూ ఒకచోట కూర్చుని వినేవాళ్ళు. మాటకారి కాబట్టి పీరానే మాట్లాడమన్నారు. ఖలందర్ అనే చేపలమార్కెట్టు కుర్రాడి టేపురికార్డరు ముందు కూర్చుని పీరా గొంతు సవరించుకున్నాడు.

"ఆఫీసరొచ్చిన పొద్దు పెద్దమనుషులు మాట్లాడతారు. ఆడోళ్ళు ఎవురూ గడప దాటగాకండి. వంకపాళెమోళ్ళ నోట్లో పడగాకండి. మన పరువు మీ చేతుల్లో ఉండాది. గౌసియా, నీకే చెప్తాండా, నువ్వు అందర్నీ చూసుకోవల్ల."

అందరూ మెచ్చుకున్నారు. బాగా చెప్పినావు పీరన్నా అన్నారు.

జవాబు టేపు ఉగాది దాటాక వచ్చింది. వచ్చిన టేపు ఒంటరిగా వినే అలవాటు ఆ గదిలో లేదు. శుక్రవారం అందరూ గుమిగూడారు. ఖలందర్ మీట నొక్కాడు. ముందు ఎక్కడో కోడి అరిచింది, తరవాత గౌసియా గొంతు వచ్చింది. ఏడుపు లేదు, కోపం లేదు. బజారు సామాను చెప్పినట్టు చెప్పింది.

"అస్సలామాలేకుం. అందరూ ఇంటాంటారు గదా, అందరికీ చెప్తాండా. ఆఫీసరొచ్చినాడు. జీపు వంకపాళెంలో పెట్టి నడిసొచ్చినాడు, పాపం, సెమటలు కారిపోతా. బిల్డింగు బాగుందన్నాడు. పుల్లన్న పనితనం మెచ్చుకున్నాడు, ఆ మాట చెప్పమని ఆయన పెండ్లాం రెడ్డెమ్మ అనింది. అరుగు మింద కూచోని, జనాన్ని పిలవండన్నాడు. ఉండింది నల్గురు ముసిలోళ్ళు. ఒగాయప్పకి చెవుడు, అడిగిందానికల్లా సరే సార్, సరే సార్ అంటాండాడు. వంకపాళెమోళ్ళు గుంపుగా వచ్చి బయట నిలబడినారు. ఊరంతా యాడికి పోయిందని ఆఫీసరడిగినాడు. కువైట్‌కి పోయింది సార్ అన్నారు. అయితే ఈ ఆఫీసెవురికి అని అడిగినాడు. ఎవురూ పలకల్యా."

టేపులో కోడి మళ్ళీ అరిచింది.

"మేమంతా మా ఇంట్లోనే ఉంటిమి, తలుపేసుకోని. ఊళ్ళో ఆడోళ్ళందరం. నీ టేపు రాకముందే మేమొగటి అనుకోనుంటిమి. మంచం తెచ్చి పెట్టుకోనుంటిమి. నన్ను మోసిన మంచమే. కొత్త నులక అల్లినాం. దాన్ని నల్గురం మోసుకోనొచ్చి ఆఫీసరు ముందర దించి, సార్, ఇదే మా రోడ్డు, రాసుకోండి అని చెప్పల్లనుకున్నాం. చెప్పేది నేనే. నాకు చెప్పను వస్తాది, నాకు జరిగింది గదా. ఇంతలో నీ టేపొచ్చె. కిటికీలోంచి చూస్తా ఉంటిమి. ఆయప్ప బూట్లు దులుపుకోని దిగిపోతాంటే గూడా చూస్తా ఉంటిమి. గడప దాటొద్దంటివి. దాటల్యా. ఆఫీసు వంకపాళేనికి పోయింది. అందరూ బాగుండండి. అన్నానికి అశ్రద్ధ చేయగాకండి."

టేపు టక్కున ఆగింది. రెండోవైపు ఎవరూ తిప్పలేదు. చిన్నపుల్లయ్య తన అరచేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి ఖలందరే అడిగాడు, పాపం, మనసులో ఏమీ పెట్టుకోకుండా.

"అన్నా, ఆ దొర చెప్పిన కతలో ఆడోళ్ళెవురూ ల్యారు గదన్నా?"

"ల్యారు" అన్నాడు పీరా.

తన బిడ్డ మంచం మీద పోయినప్పుడు కువైట్ మీద కోపం తెచ్చుకున్నాడు, వాన మీద తెచ్చుకున్నాడు, రోడ్డెయ్యని సర్కారు మీద తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఎవరి మీద తెచ్చుకోవాలో తెలిసి, అది చేతకాక, కూర డేగిసా తీసుకుని బయటికి వెళ్ళి మార్కెట్టు కుళాయి దగ్గర తోముతూ కూర్చున్నాడు.

ఆ తరవాతి గురువారం సివర్ట్ అడిగాడు. అడుగుతాడని పీరాకి తెలుసు.

"ఆడవాళ్ళు వచ్చారా?"

"వచ్చినారు సార్. శానామంది వచ్చినారు. కిటికీల మింద గూడా కూచున్నారు."

"ఆఫీసు మీదేనా?"

"మాదే సార్."

సివర్ట్ లేచి వచ్చి పీరా భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయన కళ్ళు చెమర్చాయి. పీరాకి ఆ చెయ్యి బరువుగా, అసహ్యంగా అనిపించింది. ఇంత చదువుకున్నవాడివి, నీ దేశంలో జరిగింది మా దేశంలో కూడా జరుగుతుందని ఎట్లా నమ్మావు అని అరవాలనిపించింది. అరవలేదు. చేపలు తిప్పాడు.

ఎనభై ఆరులో చమురు ధర పడిపోయింది. కంపెనీ తెల్లవాళ్ళని తగ్గించింది, సివర్ట్ సామాను సర్దుకున్నాడు. వెళ్ళే రోజు గోడ మీది రెండు ఫోటోలూ తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. "పుస్తకం పూర్తయింది. చివరి పేజీలో మీ ఊరు కూడా రాశాను. ఇండియాలో ఒక కొండూరి ఆడవాళ్ళు మా అమ్మలాగే ఆఫీసు నింపి కూర్చున్నారని" అన్నాడు. విమానాశ్రయం దాకా పీరానే కారు తోలాడు. దారిలో నిజం చెప్పడానికి చాలా ఎర్రదీపాలు పడ్డాయి. ప్రతి దీపం దగ్గరా నోరు తెరిచి, పచ్చదీపం రాగానే మూశాడు.

దొర పోయాక పీరా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఒక సామాన్ల గోదాము పేరు మీదికి మారింది. జీతం సగమైంది. ఇంటికి డబ్బు పంపడం ఆలస్యమవుతూ వచ్చింది. ఈలోగా ఊళ్ళో ఖాళీగా ఉన్న ఆ భవనం తాళం ఒక ఏజెంటు తీసుకున్నాడు. వారానికోసారి వచ్చి, ఆఫీసరు కోసం కట్టిన అరుగు మీద కూర్చుని, కువైట్ ఇళ్ళలో పనికి ఆడవాళ్ళని రాసుకునేవాడు. అతను వచ్చిన మొదటి రోజు, ఊళ్ళో ఆడవాళ్ళతో ఆ రెండు గదులూ వరండా నిండిపోయాయి. కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. గడప దాటొద్దని ఏ టేపూ రాలేదు.

ఎనభై ఏడు ఎండాకాలంలో ఖలందర్ కబురు తెచ్చాడు. "అన్నా, గౌసియక్క వచ్చిందంట. రుమైథియాలో ఏదో ఇంట్లో పని చేస్తాందంట."

పీరా నమ్మలేదు. శుక్రవారం టాక్సీ ఎక్కి రుమైథియా వెళ్ళాడు. ఇల్లు కనుక్కోవడానికి వీధులన్నీ తిరిగాడు. ఎత్తయిన ప్రహరీ, ఇనుప గేటు. పక్కింటి డ్రైవరు బెల్లు నొక్కి లోపల చెప్పి పంపాడు. గేటు ఒక చెయ్యి పట్టేంత తెరుచుకుంది. గౌసియా నల్లగా, సన్నగా అయింది. తల మీది గుడ్డ తడిసి ఉంది.

"నాకు ఒగ మాట చెప్పల్యా" అన్నాడు పీరా.

"అడుగుదామనే అనుకున్నా. అడిగితే వద్దంటావు. వద్దంటే ఇంటాను. అందుకే అడగల్యా."

పీరా దొర సంగతి చెప్పాడు, ఏదో ఒకటి ఇవ్వాలని. "మా దొర వాళ్ళూరి చరిత్రలో మిమ్మల్ని గూడా రాసినాడు. గద్దలమిట్ట ఆడోళ్ళు ఆఫీసు నిండా వచ్చి కూచున్నారని."

గౌసియా అతని వైపు చూసింది. "ఎవురు చెప్పినారు ఆయనకి?"

"నేనే."

"మంచం సంగతి గూడా చెప్పినావా?"

"ల్యా."

ఆమె తల ఊపింది. లోపలి నుంచి ఇంటావిడ గొంతు వినిపించింది. "వస్తాండా మామా" అంది గౌసియా. ఇక్కడ ఇంటావిడని మామా అనే పిలవాలి, ఈ దేశంలో అడుగుపెట్టిన మొదటి రోజే నేర్చుకున్న పిలుపది.

"ఒగ్గడియ బయటికి రారాదా" అన్నాడు పీరా. "ఇట్ల చెట్టు నీడలో నిలబడి మాట్లాడుకుందాం."

"మామా గడప దాటొద్దనింది" అంది గౌసియా, గేటు మూస్తూ.